జీటీఐకి ఇంటి గ్యారేజీలో కొత్త ఎగ్జాస్ట్

కొత్త ఎగ్జాస్ట్ (ఇంజన్ పొగని బయటికి పంపే గొట్టాల వరుస) బిగించాక నా కారు వేగమేమీ పెరగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ మొదట అడిగేది "పికప్ ఎంత పెరిగింది?" అనే. నేను పికప్ కోసం ఈ పని పెట్టుకోలేదు. నాకు కావాల్సింది ఆ ఇంజన్ అసలు గొంతు వినడం. అది దొరికింది. ఇప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అద్దాలు దించుకుని, దగ్గర దారి వదిలేసి సైయోటో నది పక్క రోడ్డు మీదుగా వస్తున్నాను.

కారు 2018 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, రెండు క్లచ్చులతో తనంతట తానే గేర్లు మార్చే ఆరు గేర్ల డీఎస్‌జీ. నేను ఉండేది అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో. ఈ కారులో ముందు అద్దం కింద, ఇంజన్ వైపు, సౌండాక్టర్ అనే చిన్న పరికరం ఉంటుంది. అది కరెంటుతో కంపించి ఇంజన్ శబ్దం వంటి ఒక శబ్దాన్ని క్యాబిన్‌లోకి పంపిస్తుంది. కొన్న కొత్తలో ఆ శబ్దం నిజమనే అనుకున్నాను. కాదని తెలిశాక దాని కనెక్టర్ పీకేశాను. ఆ తర్వాత కారు దాదాపు నిశ్శబ్దం అయిపోయింది. ఇంత మంచి ఇంజన్‌కి గొంతే లేదా అనిపించి, అక్కడినుంచి ఎగ్జాస్ట్ గురించి చదవడం మొదలుపెట్టాను.

నా కారుది టర్బో ఇంజన్. పొగ ఒత్తిడితో చక్రం తిప్పి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరమే టర్బో. టర్బో కార్లు చప్పుడు తక్కువ చేయడానికి కారణం కూడా అదే. సిలిండర్లలోంచి దెబ్బదెబ్బగా బయటికొచ్చే వేడి వాయువు ముందు టర్బైన్ చక్రాన్ని తిప్పాలి. తిప్పడంలో దాని వేడి కొంత, ఒత్తిడి కొంత, శబ్దం కొంత అక్కడే ఖర్చైపోతాయి. పూర్తి లోడ్ మీద టర్బైన్‌లోకి వెళ్ళే వాయువు వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చక్రం దాటేసరికి బాగా చల్లబడుతుంది. టర్బో లేని ఇంజన్లలో గొట్టాల పొడవులు లెక్క కట్టి, ఒక సిలిండర్ దెబ్బతో ఇంకో సిలిండర్‌ని ఖాళీ చేయించే పద్ధతి ఒకటుంది. టర్బో తర్వాత ఉన్న గొట్టాలకి ఆ లెక్క వర్తించదు. టర్బైన్ దాటాక దెబ్బల్లో చాలామటుకు చదునైపోతాయి. అక్కడినుంచి వాయువు ఎంత సులువుగా బయటికి పోతే అంత మంచిది. "కొంచెం బ్యాక్ ప్రెషర్ (ఎదురు ఒత్తిడి) ఉండాలి, లేకపోతే టార్క్ (తిప్పే బలం) పోతుంది" అనే మాట ఏ షెడ్డుకి వెళ్ళినా వినిపిస్తుంది కానీ, టర్బో వెనక గొట్టం విషయంలో అది నిజం కాదు.

మరి సులువుగా పోనిస్తే పవర్ ఎందుకు పెరగలేదు? రెండు కారణాలు. ఒకటి, దారిలో పెద్ద అడ్డంకి చివరి సైలెన్సర్ కాదు, టర్బో వెనకే ఉన్న, పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్. రైలు దిగిన జనం ఒక్క గేటు దగ్గర ఇరుక్కుంటుంటే, స్టేషన్ బయట రోడ్డు వెడల్పు చేసినందువల్ల ఎంత లాభమో, నేను వెనక గొట్టం లావు చేసినందువల్ల అంత లాభం. రెండోది ఇంకా ముఖ్యం. ఈ కారు కంప్యూటర్ "ఇంత బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఇవ్వు" అని కాక "ఇంత టార్క్ ఇవ్వు" అని లెక్క వేసుకుంటుంది. వెనక ఒత్తిడి తగ్గితే టర్బో తేలికగా తిరుగుతుంది. కంప్యూటర్ అది గమనించి, వాయువుని టర్బైన్ చక్రం పక్కనుంచి పోనిచ్చే తలుపు, వేస్ట్‌గేట్‌ని ఇంకాస్త తెరిచి ఆ మిగులుని బయటికి వదిలేస్తుంది. ఇంజన్ నుంచి వచ్చేది మళ్ళీ కంపెనీ చెప్పిన 220 హార్స్‌పవరే. టర్బోకి కాస్త శ్రమ తగ్గుతుంది, అంతే. ఆ సాఫ్ట్‌వేర్ మార్చకుండా ఒక్క గొట్టం మార్చి పదిహేను హార్స్‌పవర్ వచ్చిందని చెప్పే మాటలు నేను నమ్మను.

అయితే ఆ కన్వర్టరే తీసేయొచ్చు కదా అంటారు. తీసేసి, టర్బో నుంచి కిందికి దిగే గొట్టంగా ఖాళీ డౌన్‌పైప్ వేసేవాళ్ళు ఉన్నారు. మంచి సాఫ్ట్‌వేర్ తోడైతే పవర్ కూడా గట్టిగానే వస్తుంది. నేను వేయను. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

ఈ ఇంజన్ కట్టిన తీరు చూస్తే కన్వర్టర్ ఎంత జాగ్రత్తగా పెట్టారో తెలుస్తుంది. ఇది ఈఏ888 మూడో తరం, 1,984 సీసీ. సిలిండర్ల పొగని ఒకచోట కలిపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విడిగా ఉండదు. సిలిండర్ హెడ్‌తో కలిపి పోత పోసి, చుట్టూ కూలెంట్ తిరిగేలా చేశారు. టర్బో నేరుగా హెడ్‌కి బిగించి ఉంటుంది. దాని వెనకే, ఒక వీ-బ్యాండ్ క్లాంపు దూరంలో, కన్వర్టర్. అంత దగ్గర ఎందుకంటే లోపలున్న ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత దాదాపు 250 నుంచి 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. టర్బో చాలా వేడి మింగేస్తుంది కాబట్టి దూరం పెరిగే కొద్దీ కన్వర్టర్ ఆలస్యంగా నిద్ర లేస్తుంది. తెల్లవారి స్టార్ట్ చేయగానే ఇంజన్ కాసేపు నిమిషానికి వెయ్యి చుట్లు, అంటే 1,000 ఆర్‌పీఎమ్ పైన గరగరలాడుతుంది కదా, అది కూడా ఇందుకే. కంప్యూటర్ కావాలనే స్పార్క్ ఆలస్యం చేసి వేడి వాయువుని కన్వర్టర్‌లోకి తోస్తుంది. కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడూ అక్కడే సద్దుమణుగుతాయి. మా ఇంటి ముందునుంచే పిల్లలు స్కూలు బస్సు ఎక్కుతారు. ఆ పొగ వాళ్ళ ముఖాన వదలలేను.

చట్టం కూడా అదే చెబుతుంది. అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం రోడ్డు మీద తిరిగే కారుకి కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేయడం చట్టవిరుద్ధం. "రేస్ ట్రాక్‌కి మాత్రమే" అని పెట్టె మీద రాసుకున్నంత మాత్రాన అది చెల్లదు. ఒహాయోలో ఇ-చెక్ పొగ పరీక్ష క్లీవ్‌లాండ్, ఆక్రన్ వైపు ఏడు కౌంటీల్లోనే ఉంది. కొలంబస్‌లో ఎవరూ పరీక్షించరు. పరీక్ష లేదు కాబట్టి పీకేయొచ్చు అనే వాదన నాతో చాలామంది చేశారు. పరీక్ష లేకపోయినా గాలి అదే గాలి కదా.

అందుకని నేను ఎంచుకున్నది క్యాట్-బ్యాక్. అంటే కన్వర్టర్ దాటాక మొదలై వెనక బంపర్ కింద రెండు మూతుల దాకా ఉండే మొత్తం. కాలుష్యం కొలిచే ఆక్సిజన్ సెన్సర్లు రెండూ దానికి ముందే ఉంటాయి కాబట్టి ఇంజన్ లైటు వెలిగే సమస్య రాదు. కఠినమైన కాలిఫోర్నియాలో కూడా దీనికి విడిగా అనుమతి నంబర్ అక్కర్లేదు. శబ్దం మాత్రం 95 డెసిబెల్స్ దాటకూడదు.

ఎన్నుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. మొదటి ప్రశ్న లోహం. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మార్చి వచ్చేసరికి కారు అడుగున ఉన్న ప్రతి బోల్టూ తుప్పు పట్టి ఉంటుంది. 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్ చవక. అందులో క్రోమియం పదకొండు శాతం చిల్లర. చిల్లులు పడడానికి చాలా ఏళ్ళు పడుతుంది కానీ పైపైన తుప్పు రంగు త్వరగా వచ్చేస్తుంది. 304 గ్రేడ్‌లో దాదాపు పద్ధెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉంటాయి. ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. నేను 304 తీసుకున్నాను. దీనికి ఒక గుణం ఉంది, వేడికి ఎక్కువ సాగుతుంది. రెండు మీటర్ల 304 గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే ఇంచుమించు ఒక సెంటీమీటరు పొడవు పెరుగుతుంది. ఈ సెంటీమీటరు గుర్తుంచుకోండి, బిగించేటప్పుడు పనికొస్తుంది.

రెండో ప్రశ్న మధ్యలో రెజొనేటర్ (శబ్దాన్ని తగ్గించే ఇంకో డబ్బా) ఉండాలా వద్దా అన్నది. చాలామంది కుర్రాళ్ళు లేనిది తీసుకుంటారు, చప్పుడు ఎక్కువని. హైవే మీద గంటల తరబడి నడిపేవాళ్ళు ఈ లెక్క చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఇరుసు (క్రాంక్ షాఫ్ట్) ఒకసారి తిరిగితే రెండు పేలుళ్ళు. హైవే మీద గంటకి 70 మైళ్ళ దగ్గర నా కారు సుమారు 2,400 ఆర్‌పీఎమ్‌లో ఉంటుంది. అంటే సెకనుకి 40 చుట్లు, 80 పేలుళ్ళు. 80 హెర్ట్జ్ శబ్దం. ఆ స్థాయిలో మూసి ఉన్న క్యాబిన్ మొత్తం మోగిపోతుంది. చెవుల కంటే ఎక్కువగా తలలో వినపడే శబ్దం అది. దీన్నే డ్రోన్ అంటారు. దీనికి విరుగుడుగా గొట్టానికి పక్కన ఒక మూసిన కొమ్మ పెట్టి, వెళ్ళిన తరంగం తిరిగొచ్చి అసలు తరంగాన్ని చంపేసేలా చేయొచ్చు. కానీ ఆ కొమ్మ పొడవు తరంగంలో నాలుగో వంతు ఉండాలి. 300 డిగ్రీల వాయువులో శబ్దం సెకనుకి 470 మీటర్ల చిల్లర వేగంతో పోతుంది కాబట్టి, 80 హెర్ట్జ్‌కి కొమ్మ దాదాపు ఒకటిన్నర మీటరు కావాలి. హ్యాచ్‌బ్యాక్ కింద అంత గొట్టానికి చోటెక్కడిది? అందుకే రెజొనేటర్ ఉన్నది, వెనక సైలెన్సర్ కూడా పెద్దది తీసుకున్నాను. గొట్టం 3 అంగుళాలు. అసలుది రెండున్నర దగ్గర. వినడానికి అర అంగుళమే కానీ, వాయువు పోయే దారి వైశాల్యం 44 శాతం పెరిగినట్టు.

కిట్టుకి వెయ్యి డాలర్ల పైచిలుకు అయ్యింది. బిగించే పని నేనే చేయాలని ముందే అనుకున్నాను. మా నాన్నకి లారీలుండేవి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయనతో విజయవాడ ఆటోనగర్ షెడ్లకి వెళ్ళేదాన్ని. అక్కడ సైలెన్సర్ పని చేసే మేస్త్రి ఒకాయన కుర్రాళ్ళకి ఒకే మాట పదే పదే చెప్పేవాడు: "ముందు అన్నీ వేలాడనియ్‌రా, ఆ తర్వాత బిగించు." ఆ మాట ఇన్నేళ్ళకి, ఇంత దూరంలో, నాకు అక్షరాలా పనికొచ్చింది.

సాయానికి మా పిన్ని కొడుకుని పిలిచాను. ఒహాయో స్టేట్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. కారు కింద పని అంటే ఒక్కరే ఉండకూడదు. ఇది నా ఇంట్లో నియమం.

ముందు రాత్రే బోల్టులన్నిటి మీదా తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి పెట్టాం. పొద్దున కారు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాం. గ్యారేజీ నేల సిమెంటు, చదునుగా ఉంది. ట్రాలీ జాకీతో లేపి, కారు పక్క అంచు కింద కంపెనీ గుర్తు పెట్టిన చోట్ల నాలుగు స్టాండ్లు వేశాం. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని ఎవరూ కారు కిందికి దూరొద్దు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. స్టాండ్ల మీద పెట్టాక కారుని రెండు చేతులతో గట్టిగా ఊపి చూశాను. నా కింద కారు కదలడం కంటే నేను పక్కన నిలబడి ఉన్నప్పుడే కదలడం మేలు. తీసిన చక్రాల్ని కూడా పడుకోబెట్టి కారు అంచు కిందికి తోశాం, స్టాండ్ జారినా మధ్యలో ఏదో ఒకటి ఉంటుందని. కళ్ళద్దాలు తప్పనిసరి. పైకి చూస్తూ పని చేస్తుంటే తుప్పు పొడి నేరుగా కళ్ళలోనే పడుతుంది.

"అక్కా, ఇదంతా అవసరమా? షాపులో లిఫ్ట్ మీద గంటలో అయిపోతుంది కదా," అన్నాడు మావాడు.

"లిఫ్ట్ మీద నేను చూడను కదరా. నాకు ప్రతి కీలూ చేత్తో తెలియాలి."

కారు మధ్యలో, గొట్టం పోయే గాడి (టన్నెల్) కింద, ఒక అడ్డపట్టీ ఉంటుంది. అది విప్పితే పైన డౌన్‌పైప్‌నీ వెనక గొట్టాన్నీ కలిపే స్లీవ్ క్లాంపు (గొట్టాల చుట్టూ తొడిగి బిగించే పట్టీ) కనిపిస్తుంది. దాని నట్లు చాలా మొండిగా ఉన్నాయి. ఒక పక్కకే బలం పెట్టకుండా, కొంచెం వదులు చేసి, మళ్ళీ కొంచెం బిగించి, ఆయిల్ కొట్టి, మళ్ళీ వదులు చేస్తూ వచ్చాం. తుప్పు పట్టిన మరల్లో ఇదొక్కటే పద్ధతి. ఒకే ఊపున లాగితే స్టడ్ విరుగుతుంది. విరిగితే డ్రిల్లు, కొత్త స్టడ్, ఒక రోజంతా పోయినట్టే. నట్లు వదిలాక స్లీవ్‌ని వెనక్కి జరపడానికి సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాల్సి వచ్చింది.

పాత గొట్టం ఒకే ముక్క. వెనక సస్పెన్షన్ దగ్గర వంపులు తిరిగి సైలెన్సర్‌లోకి వెళుతుంది. స్టాండ్ల మీద ఉన్న ఎత్తులో దాన్ని ముక్కగా బయటికి లాగడం కుదరదు, కోయాల్సిందే. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళు దీనికి ఒక మంచి పని చేశారు. గొట్టం మీద చిన్న నొక్కులతో కోత గుర్తు పెట్టారు. సైలెన్సర్ ఒక్కటే మార్చాల్సి వస్తే అక్కడ కోసి, స్లీవ్ క్లాంపుతో కొత్తది కలపాలని. అక్కడే కోశాం, కరెంటు రంపంతో. కాబట్టి ఎప్పుడైనా కారు అమ్మాల్సి వస్తే రెండు ముక్కల్నీ ఒక స్లీవ్‌తో మళ్ళీ కలిపి వేసేయొచ్చు. పాతదాన్ని పారేయకుండా గ్యారేజీ గోడకి తగిలించి ఉంచాను. అమ్మేటప్పుడు అసలు సామాను కావాలని అడిగేవాళ్ళే ఎక్కువ.

రబ్బరు హ్యాంగర్లలోంచి కడ్డీలు లాగడానికి సబ్బు నీళ్ళు చాలు. పెట్రోల్ ఆయిల్స్ వాడితే రబ్బరు ఉబ్బిపోతుంది. వెనక సైలెన్సర్ దించేటప్పుడు మావాడు ఒక వైపు, నేను ఒక వైపు, మధ్యలో జాకీ. ఇద్దరికీ ఆ బరువు గట్టిగానే తెలిసింది.

కొత్తది ఎక్కించే ముందు ప్రతి ముక్కనీ ఆల్కహాల్‌తో తుడిచాం. చేతి జిడ్డు ఉంటే మొదటి వేడికే వేలిముద్రలు స్టీలు మీద గోధుమ రంగులో కాలిపోతాయి. ఆ తర్వాత ఎంత రుద్దినా పోవు. మూతుల దగ్గర అది రోజూ కనపడుతుంది.

ఇక మేస్త్రి మాట. ముందు గొట్టం, రెజొనేటర్, వెనక వంపు, సైలెన్సర్, మూతులు అన్నీ హ్యాంగర్లకి తగిలించి, క్లాంపులు చేత్తో తిరిగేంత వదులుగానే ఉంచాం. ముందువైపు మొదలుపెట్టి ఒక్కోటీ పూర్తిగా బిగించుకుంటూ వస్తే ప్రతి కీలు దగ్గరా ఒక డిగ్రీ తేడా కలిసి, చివర మూతి బంపర్ కోతలో రెండు సెంటీమీటర్లు పక్కకి వచ్చి ఆగుతుంది. వదులుగా ఉన్నప్పుడు మొత్తాన్ని తిప్పి, జరిపి, మూతులు రెండు వైపులా సమానంగా వచ్చేదాకా చూసుకోవచ్చు. నేను వెనక నిలబడి "కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఆగు" అంటుంటే మావాడు కింద పడుకుని తిప్పుతున్నాడు. ఈ ఒక్క పనికే మిగతా అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. పట్టాలి కూడా. ఇంట్లో చేసుకోవడంలో ఉన్న లాభం ఇదే, గంటకింత అని లెక్క కట్టేవాళ్ళెవరూ వెనక నిలబడరు.

ఆ సెంటీమీటరు ఇక్కడ గుర్తు రావాలి. చల్లగా ఉన్నప్పుడు మూతి ఎక్కడుందో వేడిగా ఉన్నప్పుడు అక్కడే ఉండదు, వెనక్కి జరుగుతుంది. అందుకని హ్యాంగర్ కడ్డీలు చల్లగా ఉన్నప్పుడు కొంచెం ముందుకి ఒరిగి ఉండాలి. మూతి చుట్టూ ప్లాస్టిక్ బంపర్‌కి కనీసం వేలు దూరేంత ఖాళీ ఉండాలి. హీట్ షీల్డు రేకులకి కూడా అంతే. లేకపోతే స్పీడ్ బ్రేకర్ దగ్గర డబ్బా కొట్టినట్టు మోగుతుంది. ఇంకోటి, కారు గాల్లో ఉన్నప్పుడు వెనక సస్పెన్షన్ చేతులు కిందికి వేలాడుతూ గొట్టానికి దూరంగా కనిపిస్తాయి. చక్రాలు నేల మీద ఆనాక ఆ దూరం మారిపోతుంది. అందుకే దించాక టార్చిలైటు పెట్టి మళ్ళీ చూడాలి.

అంతా కుదిరాక ముందు నుంచి వెనక్కి, టార్క్ రించితో, కాగితంలో రాసినంతే బిగించాం. క్లాంపు ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదని లాగితే గొట్టం సొట్టపడి అక్కడినుంచే లీకవుతుంది.

లీకు పరీక్ష ఇంజన్ స్టార్ట్ చేయకుండానే చేయొచ్చు. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు పెట్టి, ఒక మూతిలో గుడ్డ చుట్టి దూర్చాం, రెండో మూతి మూసేశాం. ప్రతి కీలు మీదా సబ్బు నీళ్ళు కొట్టాం. మధ్య క్లాంపు దగ్గర చిన్న బుడగలు వచ్చాయి. వదులు చేసి, స్లీవ్‌ని కొంచెం ముందుకి జరిపి బిగిస్తే ఆగిపోయాయి. ఈ లీకు కన్వర్టర్ వెనకది కాబట్టి ఇంజన్‌కి నష్టం లేదు, ఫట్ ఫట్ మనే శబ్దం మాత్రం వినిపిస్తుంది. డౌన్‌పైప్ మార్చేవాళ్ళకి మాత్రం ఇది చాలా పెద్ద విషయం. సెన్సర్‌కి ముందు చిన్న సందున్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ అనవసరంగా పెట్రోల్ పెంచుతుంది.

స్టార్ట్ చేసే ముందు కారుని పూర్తిగా బయటికి తోశాం. గ్యారేజీ తలుపు తెరిచి ఉంది కదా అని లోపల స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది. మొదటి పది పదిహేను నిమిషాలు గొట్టాల మీద మిగిలిన ఆయిల్ కాలి తెల్లటి పొగ వచ్చింది. మా ఆయన కంగారుగా నీళ్ళ పైపు పట్టుకుని వచ్చారు. అది మామూలేనని ముందే చెప్పి ఉంచితే ఇంట్లోవాళ్ళకి టెన్షన్ ఉండదు.

గొంతు ఎలా ఉందంటే, నిదానంగా పోతున్నప్పుడు తేడా కొంచెమే. 3,000 దాటి కాలు నొక్కితే లోతైన, గరుకైన, నిండైన శబ్దం. డీఎస్‌జీ గేరు మారేటప్పుడు వచ్చే ఆ చిన్న భుప్ మనే శబ్దం ఇప్పుడు వెనక సీట్లో వాళ్ళకి కూడా వినపడుతుంది. నాకు చాలా ఇష్టం అది. టర్బో ఊపిరి పీల్చే శబ్దం కూడా గోడ పక్కన పోతున్నప్పుడు తెలుస్తోంది. పొద్దున్నే చల్లటి స్టార్ట్ మాత్రం మొదటి నిమిషం ముందుకంటే గట్టిగానే ఉంది. ఆరింటికి బయల్దేరే రోజుల్లో కారుని ముందు రాత్రే వీధి చివర పెడుతున్నాను, పక్కింట్లో పసిపాప ఉంది.

హైవే డ్రోన్ సంగతి. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి ముందూ తర్వాతా కొలిచాను, తేడా దాదాపు లేదు. ఈ అంకెల్ని పూర్తిగా నమ్మలేం. యాప్‌లు సాధారణంగా చూపించేది ఏ-వెయిటింగ్ డెసిబెల్స్. మనిషి చెవి లోతైన శబ్దాల్ని తక్కువ వింటుందనే లెక్కతో 80 హెర్ట్జ్ దగ్గర 22 డెసిబెల్స్ తీసేసి చూపిస్తుంది. కాబట్టి డ్రోన్ ఉన్నా మీటర్‌కి పెద్దగా కనపడదు. అసలు పరీక్ష మనిషే. సిన్సినాటి దాకా, పోను రాను, నడిపి చూశాను. తలనొప్పి లేదు, పక్కన కూర్చున్నవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగాను. రెజొనేటర్ తీసుకున్నందుకు సంతోషంగా ఉంది.

నేను పంపిన ఎగ్జాస్ట్ వీడియో చూసి విజయవాడ నుంచి మా మేనమామ కొడుకు ఫోన్ చేశాడు. వాడిది పోలో, 1.0 టీఎస్ఐ.

"వదినా, ఇక్కడ ఆటోనగర్‌లో రెండు గంటల్లో కోసి అతికించేస్తారు. కన్వర్టర్ కూడా తీసేస్తారంట. చేయించనా?"

వద్దన్నాను, కారణాలతో సహా. వాడి బండి బీఎస్6. కన్వర్టర్ తీస్తే దాని వెనక సెన్సర్ వెంటనే పట్టేస్తుంది, పీ0420 కోడ్‌తో లైటు వెలుగుతుంది. ఆ లైటు ఆర్పడానికి ఇంకో దొంగ పని చేయాలి. అంతకంటే ముఖ్యం, మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. ఇక్కడ ఒహాయోలో నాకు క్యాట్-బ్యాక్ వరకు వెసులుబాటు ఉంది, అక్కడ వాడికి ఆ మాత్రం కూడా అనుమానమే. మార్చిన సైలెన్సర్లు పట్టుకుని విశాఖలో పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన ఫోటోలు వాడూ చూశాడు. అవి బుల్లెట్లవి, నాది కారు అన్నాడు. చట్టంలో ఆ తేడా లేదన్నాను. వాడికి నచ్చలేదు. కానీ బండి మంచిది, ఇంజన్ మంచిది, ఉన్నది ఉన్నట్టు బాగా చూసుకోమని చెప్పాను. ఇంజన్ ఆయిల్, ఇంటర్‌కూలర్ గొట్టాలు, స్పార్క్ ప్లగ్‌లు సమయానికి చూసుకుంటే ఆ చిన్న ఇంజన్ ఇచ్చే ఆనందం తక్కువేం కాదు.

ఎవరైనా ఇలాంటి పని ఇంట్లో పెట్టుకుంటే చివరగా చేయాల్సింది ఒకటుంది, చాలామంది వదిలేసేది కూడా అదే. కొత్త గొట్టాలు కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక క్లాంపుల కింద లోహం సర్దుకుంటుంది, బిగువు కొంచెం తగ్గుతుంది. రెండు వందల మైళ్ళు తిరిగాక నేను మళ్ళీ కారు లేపి ప్రతి క్లాంపునీ టార్క్ రించితో చూశాను. మధ్యది పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు. సబ్బు నీళ్ళతో ఇంకోసారి చూశాను, బుడగల్లేవు. నవంబరులో ఉప్పు చల్లడం మొదలయ్యే ముందు నట్లన్నిటి మీదా తుప్పు పట్టకుండా మైనపు పూత కొట్టాలి. డబ్బా తెచ్చి షెల్ఫులో పెట్టేశాను.